బావ తాగిన చెంబెడు నీళ్ళు

మా వాడలో నా మాటను సగం తీసేసి వింటారు. వాన వస్తుందని నేనంటే గొడుగు తీసుకునేవాడు ఒక్కడూ లేడు. తడిసి ఇంటికొచ్చాక కూడా "వాన అదే పడ్డది, నువ్వు చెప్పినందుకు కాదు" అంటారు. వాళ్ళ తప్పేం లేదు. బావిలో పడిపోయిన మోటరును అది ఇంకా తిరుగుతుండగానే చంకలో పెట్టుకుని పైకి తెచ్చానని చెప్పినవాణ్ణి నేను. నీళ్ళల్లో ఎంతసేపు మునిగి ఉన్నానంటే, ఒడ్డు మీద తాడు పట్టుకున్న రైతు దాన్ని చెట్టుకు కట్టి ఇంటికి పోయి, అన్నం తిని, కునుకు తీసి, మళ్ళీ వచ్చి తాడు విప్పి పట్టుకున్నాడని చెప్పినవాణ్ణి. ఆ రైతు ఎదురుగా ఉన్నప్పుడే చెప్పాను. ఆయన కూడా ఔనన్నాడు. మంచి కోతకు సాక్షి దొరకడం కష్టమేం కాదు. అందరికీ అందులో కొంచెం భాగం కావాలి.

ఇప్పుడు రాసేది కోత కాదు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

మాది మగ్గం ఇల్లు. బాపు రోజంతా గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చునేవాడు. ఆయన జన్మలో దిగిన లోతు ఆ గుంటే. మా తాత కూడా అంతే, మోకాలి పైకి తడవని మనిషి. నాకు ఈత వచ్చింది మా వాడ వెనక బావి వల్ల. రంగు వేసిన నూలును ఆ నీళ్ళతోనే జాడించేవాళ్ళు. ఒకరోజు మెట్ల మీది నీళ్ళు నీలంగా, ఒకరోజు ఎర్రగా ఉండేవి. ఒకసారి బాపు చేతిలోంచి నూలు కట్ట జారి మునిగిపోయింది. ఆయన "అయ్యో" అన్నాడు. నేను దూకాను. ఈత రాదని దూకాక గుర్తొచ్చింది. కట్ట దొరికింది, నేనూ దొరికాను. వారం రోజులు నా చెవులు నీలంగానే ఉన్నాయని చెబుతుంటాను. నిజానికి ఒక్క రోజే ఉన్నాయి.

మరమగ్గాలు వచ్చాక మా వాడలో చప్పుడు తగ్గిపోయింది. కొందరు పట్నంలో వాచ్‌మన్లయ్యారు, కొందరు బట్టల దుకాణాల్లో కుదిరారు. నేను బావుల్లో పడ్డాను. మా నల్లగొండ దిక్కు బావి ఉన్నచోటల్లా మోటరు ఉంటుంది, మోటరు ఉన్నచోటల్లా అది ఎప్పుడో ఒకప్పుడు తాడు తెగి పడుతుంది. అడుగుకు పోయి దాన్ని వెతికి, తాడు కట్టి, పైకి లాగించడం నా పని. మోటర్లనే కాదు, మనుషులను కూడా తీశాను. వాళ్ళ గురించి కథలు చెప్పను.

మా అక్క మొగుణ్ణి ఈ పనిలోకి లాగింది నేనే. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆయన నేసే మగ్గం కూడా ఆగిపోయింది. బావ గట్టి మనిషి. బీడీ లేదు, కల్లు లేదు. పొద్దున్నే లేచి చెరువు కట్ట చివరి దాకా ఉరికి, మళ్ళీ ఉరుక్కుంటూ వచ్చి, ఆయాసమే లేకుండా అక్కతో కొట్లాట మొదలుపెట్టేవాడు. ఇద్దరు మోసే మోటరును ఒక్కడే భుజాన వేసుకునేవాడు. అంత గట్టి మనిషికి ఒకటే లోపం. నేను చెప్పింది నమ్మేవాడు. తర్వాత తర్వాత నవ్వడం నేర్చుకున్నాడు కానీ, కొత్తలో నమ్మిన ఒక్క ముచ్చట మాత్రం ఆయనలో అట్లాగే ఉండిపోయింది.

అది తిరుమలగిరి దగ్గర ఒక బావి ఒడ్డున మొదలైంది. బావకు ఆ రోజే మొదటి దిగుడు. మేం తాడు గుర్తులు పెట్టుకున్నాం. ఒకసారి గుంజితే బాగున్నానని, రెండుసార్లు గుంజితే తాడు వదలమని, మూడుసార్లు గుంజితే పైకి లాగమని. అంతా నేర్చుకున్నాడు, తాడు నడుముకు కట్టుకున్నాడు, నీళ్ళ దిక్కు చూసి ఆగాడు.

"బామ్మర్ది, లోపల నీళ్ళు మింగితే ఎట్ల?"

"మింగకు."

"మింగకు అంటే? బాయి నన్ను అడిగి పోస్తదా?"

భయపడుతున్నాడని అర్థమైంది. భయపడేవాణ్ణి ఊరికే వదిలిపెట్టే గుణం నాకు లేదు. మా తాత ఒక ఇకమతు చెప్పాడన్నాను. ఇకమతు అంటే ఉపాయం.

"బాయిల దిగే ముందుగాల చెంబెడు నీళ్ళు తాగాలె బావా. నిండుగ. కడుపుల జాగ లేకుంటె బాయి నీళ్ళు యాడికి పోతయ్? వచ్చి సూసి వాపస్ పోతయ్."

బావి రైతు తల ఊపాడు. "నిజమే. పెద్దోళ్ళు ఉత్తగ జెప్తరా?" అన్నాడు.

బావ చెంబు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని దిగాడు. మోటరుతో పైకి వచ్చాడు. నీళ్ళు మింగలేదు. మింగకపోవడానికి కారణం, ఆయన నాకంటే బాగా ఈదడమే. కానీ పేరు చెంబుకు వచ్చింది.

మర్నాడు పొద్దున అక్క రాగి చెంబు తోమి, నీళ్ళు నింపి, గడప పక్కన పెట్టింది. నన్ను అడిగింది.

"తాత గిట్ల తాగేటోడా?"

"నువ్వు అప్పటికి పుట్టలే."

"ఓరి నీ... నువ్వు నాకంటె చిన్నోనివి గదరా!"

"నాకు బాపు చెప్పిండు."

ఆమె నన్ను చూసింది. నేను చెప్పు తెగిందేమో అన్నట్టు కాళ్ళ దిక్కు చూశాను. ఆమె చెంబు తీయలేదు. ఆ రోజు నుంచి బావ దిగిన ప్రతిసారీ ఆ చెంబు నిండింది. దూరం పోయినప్పుడు తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టి పంపేది. మాతో పనికి వచ్చేవాళ్ళు కూడా దిగేముందు తాగడం మొదలుపెట్టారు. ఒకసారి కొత్తకోట దిక్కు పోతే అక్కడ ముఖం తెలియని ఒకాయన నాకే చెప్పాడు, "చెంబెడు తాగి దిగు అన్నా, పాతకాలపు పద్ధతి" అని. నేను తాగాను. కాదని ఎట్లా అంటాను?

కొన్నేళ్ళకు పని మారింది. ఎత్తిపోతల నీళ్ళు వచ్చాయి, బావుల్లో మోటర్లు పడడం తగ్గింది. కల్వకుర్తి దిక్కు ఒక రిజర్వాయరులో తాగునీళ్ళు తోడే పెద్ద సిమెంటు బావి ఉంది. దానికి నీళ్ళ అడుగున ఇనుప జాలీ. గుర్రపుడెక్క, తెగిన వలలు, ప్లాస్టిక్ కవర్లు వచ్చి ఆ జాలీని కప్పేస్తాయి. వాటిని కోసి తీసేయడానికి ఒక గుత్తేదారు మమ్మల్ని పెట్టుకున్నాడు. గాలి సిలిండర్లు తెప్పించాడు. సముద్రం దిక్కు నుంచి ఒకాయనను పిలిపించి పది రోజులు నేర్పించాడు. ఎక్కడా ఊపిరి బిగబట్టొద్దు, పీలుస్తూ వదులుతూ ఉండాలి అన్నాడాయన. ఇన్నేళ్ళు ఊపిరి బిగబట్టే తిండి తిన్నవాళ్ళకు అది వింతగా ఉండింది. బావకు మాత్రం సంబరం.

"సద్ది మూట గట్టుకున్నట్టు గాలి మూట గట్టుకొని పోవుడు బామ్మర్ది! ఇగ నీ కోతలు నడువయ్. గడియారం బెట్టి సూస్తరు."

రబ్బరు సూటు ఒకటే ఇచ్చారు. అది నా కొలతది. నేను పని చేసి ఎక్కి విప్పితే, బావ తొడుక్కోవాలి. ఆయన ఛాతీకి అది చాలేది కాదు. ఇద్దరం పట్టుకుని జిప్పు లాగేవాళ్ళం. "మీ అక్క కన్న గట్టిగ పట్టుకుంటాంది" అనేవాడు.

చలికాలం. పొద్దున నీళ్ళ మీద పొగ లేచే రోజులు. ముందు నేను దిగాను. అరగంట జాలీ కోసి పైకి వచ్చేసరికి నా చేతులకు తిమ్మిరి పట్టింది. వేళ్ళు ఉన్నాయో లేవో చూసుకుంటే తప్ప తెలియలేదు. సూటు విప్పి ఇచ్చాను. తడిసిన సూటు, మామూలుకంటే ఇంకా బిగుతు. బావ సంచిలోంచి చెంబు తీసి, క్యాను దగ్గర నింపుకుని తాగాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"బావా, బాయికంటె ఒక చెంబు. గీ నీళ్ళు ఎంత పెద్దగున్నయో సూడు. రెండన్నా వద్దా?"

గట్టు మీద మేస్త్రీ ఉన్నాడు, పుట్టి మీద మమ్మల్ని బావి దాకా తీసుకుపోయే చేపలాయన ఉన్నాడు. ఇద్దరూ నవ్వారు. బావ నవ్వలేదు. నిజమే అన్నట్టు మళ్ళీ నింపుకున్నాడు.

దిగి పావుగంట కూడా కాలేదు. తాడు ఒకసారి గుంజాడు, బాగున్నానని. పుట్టిలోంచి నేనూ ఒకసారి గుంజాను. కొంతసేపటికి ఏ గుర్తూ లేకుండానే, సిమెంటు బావి పక్కనున్న ఇనుప నిచ్చెన దగ్గర తల పైకి లేచింది. నోట్లోని గాలి గొట్టం రబ్బరు ముక్క తీసేసి నిచ్చెనను రెండు చేతులా వాటేసుకున్నాడు.

"దమ్మొస్తాంది" అన్నాడు. ఊపిరాడక ఆయాసమొస్తే మా దిక్కు అట్లా అంటాం.

"దమ్ము నీ వీపు మీద సిలిండర్ నిండ ఉన్నది గద బావా. మమ్ముల అడుక్కుంటున్నవేంది?"

మళ్ళీ నవ్వారు. బావ దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు. అప్పుడు కూడా నాకు నటిస్తున్నాడనే అనిపించింది. పదేళ్ళు నాతో తిరిగినవాడు, ఒక్క నాటకమన్నా నేర్చుకోడా అనుకున్నాను. పుట్టిలోకి లాగి గట్టుకు తెచ్చాం. మనిషి పెదవులు రంగు మారాయి.

"నీళ్ళు మింగిండు. బోర్ల పండబెట్టుర్రి, కక్కియ్యాలె" అన్నాడు మేస్త్రీ.

మునిగినవాణ్ణి మా దిక్కు అట్లాగే చేస్తాం. బోర్లా వేసి, నడుము మీద కూర్చుని, వీపు ఒత్తుతాం. నేనే కూర్చున్నాను. నేనే ఒత్తాను. బావ మట్టిలో మూతి పెట్టి ఏదో అంటున్నాడు. వంగి విన్నాను.

"మింగలే... ఒక్క సుక్క మింగలే."

"మింగినోనికి ఎట్ల తెలుస్తది?" అన్నాడు మేస్త్రీ. "ఒత్తు, ఇంక గట్టిగ ఒత్తు."

ఒత్తాను. నీళ్ళు మింగినవాళ్ళను ఒత్తితే నీళ్ళెట్లా వస్తాయో నాకు తెలుసు. అవేం రాలేదు. నురగ వచ్చింది. ఎర్ర రంగు నూలును రెండోసారి జాడిస్తే వచ్చే నురగ, లేత ఎరుపు. ఆయన లేచి కూర్చోవాలని చేతులతో నేలను తోస్తున్నాడు, నేను పడుకోబెడుతున్నాను. ఎంతసేపో చెప్పలేను. నేను చెప్పే సేపులన్నీ పెద్దవిగా ఉంటాయి, ఇది చిన్నదే అయి ఉంటుంది.

అప్పుడు ఆయన చెయ్యి వెనక్కి వచ్చి నా అంగీ అంచును పట్టుకుంది. గుంజింది. ఒకటి. రెండు. మూడు.

నేను లేచాను. ఆయనను లేపి కూర్చోబెట్టాను. మేస్త్రీ "అరె, ఏం జేస్తున్నవ్!" అని అరిచాడు. సూటు జిప్పు నా వేళ్ళకు అందలేదు. తిమ్మిరి. పళ్ళతో పట్టుకుని కిందికి లాగాను. సూటు విడగానే బావ కొంచెం గాలి పీల్చాడు. కూర్చుంటే పీలుస్తున్నాడు, పడుకుంటే లేదు. అంత చిన్న సంగతి అంగీ పట్టి గుంజితే గానీ నాకు అర్థం కాలేదు.

ట్రాలీ ఆటోలో వెనక ఎక్కించాం. ఆనుకోవడానికి ఏమీ లేదు. నేను ఆయన వీపుకు నా వీపు ఆనించి కూర్చున్నాను. రోడ్డు పొడుగునా ఆయన ఊపిరి నా వీపులో వినిపించింది. పడుగు నూలుకు పెట్టే గంజి ఉడికేటప్పుడు కుండలోంచి గుడగుడమని ఒక చప్పుడు వస్తుంది. అదే చప్పుడు. నాకు భయం వేసిందని రాయాలని ఉంది. వేయలేదు. ఏమీ అనిపించలేదు. కల్వకుర్తి రోడ్డు మీద మిరపకాయలు ఆరబోశారు. వాటిని తొక్కకుండా పొమ్మని ఆటో ఆయనకు చెప్పాను.

దవాఖానలో డాక్టరమ్మ బావను పడుకోబెట్టలేదు. మంచం తల వైపు ఎత్తి, కూర్చోబెట్టి, ముక్కుకు గాలి పెట్టింది. సూది వేసింది. ఆ సూదికి ఆయన పోసిన మూత్రం చూసి ఆయా నోరు తెరిచింది. మామూలు రోజైతే దాని మీద నేను ఒక కథ అల్లేవాణ్ణి, రిజర్వాయరుకు గండి పడిందని. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి ఒక్కొక్కటే అడిగింది. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయి? సూటు బిగుతా? ఏం పని? బీపీ ఉందా? అన్నిటికీ సరిగ్గానే చెప్పాను. తర్వాత అడిగింది.

"దిగే ముందు నీళ్ళు ఎక్కువ తాగాడా?"

"రెండు గుక్కలు మేడమ్."

ఎందుకట్లా అన్నానో తెలియదు. అబద్ధం చెప్పాలని అనుకోలేదు. అది దానంతటదే వచ్చింది, నా నోటికి అలవాటైన దారి అది. ఆమె రాసుకుంది. చాయ్ వాలా గ్లాసు ఇచ్చి పోయాడు. పక్కనున్న ఆయన "కాలుతలేదా అన్నా?" అని అడిగితే చూసుకున్నాను. రెండు అరచేతుల మధ్య గ్లాసు నిండా పొగలు. నాకేం తెలియలేదు.

మధ్యాహ్నానికి అక్క బస్సు దిగి వచ్చింది. చెంగు నడుముకు బిగించుకుని ఉంది. బావ ముక్కుకు గాలి గొట్టం చూసింది, ఏడవలేదు. డాక్టరమ్మ ఆమెను కూడా అవే ప్రశ్నలు అడిగింది.

"నీళ్ళా? చెంబెడు తాగుతడు మేడమ్. దిగే ముంగట ఎప్పటికి తాగుతడు. నేనే నింపిస్త. పద్ధతి అది."

"ఈ రోజు రెండు చెంబులు" అన్నాడు బావ గాలి గొట్టం కింద నుంచి. మాట వచ్చింది అప్పటికి.

డాక్టరమ్మ నా దిక్కు చూసింది. కాగితంలో కొట్టేసి మళ్ళీ రాసుకుంది.

"ఆయన నీళ్ళు మింగలేదు" అంది తర్వాత. "ఊపిరితిత్తుల్లో చేరినవి రిజర్వాయరు నీళ్ళు కావు. ఆయన ఒంటి నీళ్ళే."

నాకు అర్థం కాలేదని ఆమెకు తెలిసింది. నీళ్ళలో దిగితే కాళ్ళలో చేతుల్లో ఉండే రక్తం ఛాతీలోకి తోసుకొస్తుందంది. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, పైన బిగుతు సూటు, దాని మీద కష్టమైన పని, ఒంట్లో ఎక్కువ నీళ్ళు. అన్నీ కలిసి ఒత్తితే రక్తంలోని నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి ఊరతాయంది. తడి నూలు కట్టను పిండితే బయటికి వచ్చినట్టు అనుకున్నాను.

"గట్టి మనిషి మేడమ్" అన్నాను. "రోజూ ఉరుకుతడు."

"గట్టివాళ్ళకూ వస్తుంది. దమ్ము లేదని వాళ్ళంటే ఎవరూ నమ్మరు, అదే ఇబ్బంది."

"రెండు చెంబులు తాగినందుకేనా వచ్చింది?"

"అన్నిటిలో అదీ ఒకటి. దేనివల్ల ఎంత అని చెప్పలేం."

అక్క గోడకు ఆనుకుని వింటోంది. చెప్పలేం అన్న మాట దగ్గర ఆమె చెంగు విప్పి, మళ్ళీ బిగించుకుంది.

మర్నాటికి బావ నడిచాడు. రెండో రోజుకు మెట్లు ఎక్కాడు. పట్నం పంపి గుండెకు పరీక్షలు చేయిస్తే గుండె మంచిగానే ఉందన్నారు. అయినా మళ్ళీ నీళ్ళలో దిగితే మళ్ళీ రావచ్చు, దిగొద్దని డాక్టరమ్మ ఒకటికి మూడుసార్లు చెప్పింది. ఆమె చెప్పినప్పుడల్లా బావ తల ఊపాడు. ఇంటికొచ్చిన వారానికే చెరువు కట్ట చివరి దాకా ఉరికి వచ్చాడు. వాడంతా చూసింది. "ఎవనికిరా దమ్ము లేనిది?" అని నన్ను గుద్దాడు. గుద్దు గట్టిగానే ఉంది.

ఇరవై రోజులకు గుత్తేదారు ఫోన్ చేశాడు, జాలీ మళ్ళీ నిండిందని. నేను పోయేసరికి బావ సంచి సర్దుతున్నాడు. అక్క నడవాలో రాట్నం ముందు కూర్చుని, పక్క వాడలో ఇంకా నడుస్తున్న ఒక మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. గడప పక్కన రాగి చెంబు నిండుగా ఉంది.

"నువ్వు రాకు బావా. నేనొక్కన్నే పోత."

"నాకేమైంది? ఎద్దు లెక్క ఉన్న."

"డాక్టరమ్మ వద్దన్నది."

"డాక్టరమ్మ సదువుకున్నది. బాయిల దిగిందా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, అక్కకు వినపడకుండా చెప్పాడు. "అసలు సంగతి నీకు జెప్త విను. ఆ దినం రెండో చెంబు నేను సగమే తాగిన. కడుపు పట్టలే. మీరు సూడంగ సిగ్గయి సగం ఒంపేసిన. జాగ మిగిలింది బామ్మర్ది. గందుకే అట్లయ్యింది. ఈసారి రెండు నిండ తాగుత."

నా చేతిలో బండి తాళం ఉంది. దాన్ని జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ తీశాను.

"బావా, చెంబు ముచ్చట ఉత్తదే."

"ఏ చెంబు?"

"తాత గట్ల చెప్పలే. తాత బాయి మొఖమే సూడలే. నువ్వు భయపడ్తున్నవని నేనే అల్లిన."

బావ నా మొఖం చూసి, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. ఎన్నేళ్ళుగానో నా దగ్గర నేర్చుకున్న నవ్వు.

"గిదొక కొత్త కతనా? నన్ను ఇంట్ల కూసోబెట్టెటందుకు?"

"అమ్మ తోడు బావా."

"మోటరు తిరుగుతుంటె చంకల బెట్టుకున్న ముచ్చటకు గూడ అమ్మ తోడే అన్నవ్."

అన్నాను. నిజమే. ఇంకా దేని మీద ఒట్టు వేయాలో నాకు తోచలేదు. నా దగ్గర వాడని ఒట్టు ఒక్కటీ మిగల్లేదు. ఆయన సంచి భుజాన వేసుకుని గడప దగ్గరికి నడిచాడు, చెంబు ఎత్తాడు.

రాట్నం ఆగింది.

"తమ్ముడు చెప్పింది నిజమే" అంది అక్క.

బావ చెంబు పట్టుకుని నిలబడ్డాడు.

"తాత నాకు తెల్వదా? బాపు ఎన్నడన్నా బాయిల కాలు పెట్టిండా? వీడు చెప్పిన దినమే తెల్సు నాకు, అబద్ధమని."

"మరి గన్నేళ్ళు ఎందుకు నింపినవే?" అన్నాడు బావ. అడగాల్సింది నేను.

"తాగితే నీకు ధైర్యమొస్తాంది. దిగి మంచిగ వస్తున్నవ్. నీళ్ళే గద, నీళ్ళతోని ఏమైతది అనుకున్న."

అక్క తెగిన పోగు వెతికి, వేళ్ళతో నలిపి ముడి వేసి, రాట్నం తిప్పింది. కండె నిండేదాకా మళ్ళీ తల ఎత్తలేదు. బావ వాకిట్లోకి పోయి చెంబులో నీళ్ళు మిరప మొక్కకు పోశాడు. కొంచెం కొంచెంగా పోశాడు, అన్నీ పోసేదాకా అక్కడే నిలబడ్డాడు. చెంబును బోర్లించి గోడ మీద పెట్టాడు. సంచిలోంచి నీళ్ళలో పెట్టుకునే కళ్ళద్దాలు తీసి నా చేతిలో పెట్టాడు.

"సూటు నువ్వు తొడుక్కో. తాడు నేను పట్టుకుంట."

దారిలో బండి మీద నా వెనక కూర్చున్నాడు, మాట్లాడలేదు. ఆ రోజే కాదు, పది పదిహేను రోజులు మాట్లాడలేదు. మాకు మాటలన్నీ తాడు మీదే నడిచాయి. నేను ఒకటి గుంజితే ఆయన ఒకటి గుంజేవాడు. ఆ తర్వాత ఆయన నోట మొదట వచ్చిన మాట, నేను దిగే ముందు అడిగే ప్రశ్న.

"ఎన్ని గుక్కలు?"

"రెండు" అన్నాను. అది నిజం. ఇప్పటికీ ప్రతిసారీ అడుగుతాడు, నేను అదే చెబుతాను. ఆయన అంతటితో ఊరుకోడు. క్యానులో నీళ్ళు ఎంత తగ్గాయో వంగి చూస్తాడు.

కోతలు మాననే లేదు నేను. అడిగితే చెబుతాను, మోటరు ముచ్చట ఇప్పటికీ బాగానే పండుతుంది. బావ పక్కనుంటే మాత్రం మధ్యలో ఎక్కడో ఆపేస్తాను. ఆయన వద్దనడు. వింటూ తాడు చుట్టుకుంటాడు.

పోయిన చలికాలం ఒకరోజు జాలీ దగ్గర ఉన్నాను. అడుగున పచ్చటి మసక. వల ముక్కలు కోస్తున్నాను. చలి ఉంది, నా ఊపిరి బాగానే ఉంది. బుడగలు వరుసగా పైకి పోతున్నాయి. ఏమీ కాలేదు. నా తాడునన్నా బావ నమ్ముతాడా అనుకుంటూ, కత్తి నడుముకు దోపుకుని తాడు పట్టుకున్నాను. మూడుసార్లు గుంజాను.

మూడోది పూర్తి కాకముందే తాడు బిగిసింది. నిచ్చెన దగ్గరికి, అక్కడి నుంచి పుట్టిలోకి, పుట్టిలోంచి గట్టుకు లాగేశాడు. "ఏమైందే?" అని మేస్త్రీ వచ్చాడు. "దమ్మొచ్చింది" అన్నాడు బావ నా బదులు. నన్ను అడగలేదు. నా మొఖం కేసి చూసి నిజమా అబద్ధమా అని వెతకలేదు. జిప్పు లాగేశాడు, కూర్చోబెట్టాడు. చుట్టూ ఆనుకోవడానికి ఏమీ లేదు. వెనక్కి వచ్చి, తన వీపు నా వీపుకు ఆనించి కూర్చున్నాడు.

ఏమీ కాలేదని చెప్పొచ్చు. చెప్పలేదు. తిమ్మిరి పట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఊపిరి నా వీపులోకి వస్తూ పోతూ ఉంది. చప్పుడు లేదు. మేస్త్రీ వాళ్ళు సద్ది విప్పి తినేదాకా, తిని చేతులు కడుక్కునేదాకా, నేను అదే వింటూ కూర్చున్నాను.